ఎల్లవ్వ బంద్ చేసిన గోలీలు

1986లో నన్ను కరీంనగర్‌లో మానసిక వైద్యుడిగా వేశారు. దాంతోపాటు ప్రతి గురువారం నిర్మల్ వెళ్లి రోగుల్ని చూసే డ్యూటీ కూడా పడింది. అక్కడ పరిచయమైనవాడు నర్సయ్య, పొనికి కర్రతో బొమ్మలు చెక్కే పనివాడు. ఉన్మాదం ముదిరి, నిద్ర మాని, వాడకట్టులోని తలుపులన్నిటి మీదా చిలకల్ని వేసేశాడు. చిలకలు బాగానే ఉన్నాయి, తలుపుల వాళ్లే ఒప్పుకోలేదు.

కార్బమజెపైన్ గోలీలు రాసిచ్చాను. మా రోగులు కాస్త నెమ్మదించగానే మందు మానేస్తారు. అందుకని ఏం జరిగినా ఒక్క పూట కూడా మాన్పించొద్దని అతని తల్లి ఎల్లవ్వకు గట్టిగా చెప్పాను. ఆ మాట చెప్పడంలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నా గర్వం.

మూడో గురువారం వాళ్లు రాలేదు. మానేసే ఉంటారని మండిపడుతూ ఇంటికే వెళ్లాను. అమ్మవారు పోసిన ఇంటికి కట్టినట్టు గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఎల్లవ్వ అడ్డం నిలబడింది.

"కాళ్లు కడుక్కొని రా సారూ. పోరనికి తల్లి పోసింది."

గోలీల సంగతి అడిగాను.

"తల్లి ఇంట్ల ఉంటే గోలీలెట్లేస్తరు? నాల్గు రోజుల కింద జరం రాంగనే బంద్ చేసిన."

తిట్టడానికి నోరు తెరిచి, నర్సయ్యను చూసి మూసుకున్నాను. పెదవులు పగిలి, నోరంతా పూసి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఛాతీ మీద నల్లటి మచ్చలు, వాటి నడుమ బొబ్బలు. ఇది అమ్మవారు కాదు. అరుదుగా కొందరికి ఈ మందు పడక చర్మం ఊడివస్తుంది, ఊపిరితిత్తులూ దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. మొట్టమొదట చేయాల్సింది మందు ఆపడం. ఆ పని ఎల్లవ్వ నాలుగు రోజుల ముందే చేసింది. నా మాట వినుంటే కొడుకు దక్కేవాడు కాదేమో.

స్టెతస్కోపు పెట్టి చూస్తే ఊపిరి తేటగానే ఉంది. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. కానీ అమ్మవారు పోసిన మనిషిని గడప దాటించరు. ఇది తల్లి కాదు, నేనిచ్చిన గోలీ వల్లే వచ్చిందని ఒప్పుకోక తప్పలేదు.

ఎల్లవ్వ నన్ను ఎగాదిగా చూసింది. అమ్మవారు శాంతించాలని పోసే పసుపు, వేపాకు నీళ్ల సాక చెంబు ఆమె చేతిలోనే ఉంది. "గట్లనా? అయితే గీ సాక తల్లికి గాదు, నీకే పొయ్యాలె!" అంటూనే కొడుకును నేను వచ్చిన ఆసుపత్రి జీపు ఎక్కించింది.

మూడు వారాలకు నర్సయ్య కోలుకున్నాడు. మందు మార్చాను. ఆ తర్వాత చిలకల్ని కర్రతోనే చేశాడు. ఎల్లవ్వ మాత్రం ఎందుకైనా మంచిదని అమ్మవారికీ సాక పోసింది.

అప్పటి నుంచి నేను రాసిన ప్రతి చీటీ వెనుక, జ్వరం, దద్దుర్లు, నోటి పూత వస్తే గోలీ ఆపి అదే రోజు రమ్మని తెలుగులో రాశాను. మందు ఎలా వేసుకోవాలో చదువు నేర్పింది. ఎప్పుడు ఆపాలో కూడా మొదటి రోజే చెప్పాలని ఎల్లవ్వ ఇంటి గుమ్మంలో నేర్చుకున్నాను.