సందు చివరి దాకా తోసిన ఆటో

గిద్దలూరులో కొమరోలు రోడ్డు వైపు బడికి పోయే పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా రంగనాయకులు ఆటో తెలుసు. పాత డీజిల్ బండి. అది స్టార్టయితే వంటింట్లో గిన్నెలు కదులుతున్నాయని ఆయన తల్లి శ్రీశైలమ్మ రోజూ తిట్టిపోసేది. మేకలమ్మి కొన్న బండి కాబట్టి ఆ తిట్లలో మేకల మీద బెంగ కూడా కొంత ఉండేది.

ఇంటింటి ముందూ ఆగి, హారన్ కొట్టి, పిల్లల్ని ఎక్కించుకుని బడికి చేర్చడం ఆయన పని. తన ఇంటి ముందు మాత్రం హారన్ కొట్టే అవసరం ఎన్నడూ రాలేదు. కూతురు పావని ఆయన కంటే ముందే వచ్చి డ్రైవరు సీటు అంచున కూర్చుని ఉండేది. తల్లి లేని పిల్ల. నాయన, అవ్వ, ఆ బండి, అంతే ఆమె లోకం.

పావనికి నత్తి. ఇంట్లో, బడిలో, అంగట్లో మాట గొంతు దగ్గరే ఆగిపోయేది. ఆటోలో మాత్రం ఎందుకో ఏమో, "నీకు తెల్సునా నాయనా" అని మొదలుపెట్టిందంటే బడి గేటు వచ్చేదాకా నోరు మూసేది కాదు. సగం మాటలు ఇంజను మోతలో కొట్టుకుపోయేవి. రంగనాయకులు అన్నిటికీ తల ఊపేవాడు. వినపడని మాటలకు తల ఊపడంలో ఆయనంత ఘనుడు ఆ చుట్టుపక్కల లేడు.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు సారు పావనిని లేపి ఇంగ్లీషు పాఠం పైకి చదవమన్నాడు. మొదటి మాటే నాలుక మీద ఇరుక్కుంది. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. పెద్దమనిషి! మర్నాడు పావనికి కడుపునొప్పి. ఆ మర్నాడూ అంతే. ఆస్పత్రిలో చూపిస్తే ఏమీ లేదన్నారు. పిల్ల మాత్రం మంచం దిగలేదు.

ఒక పొద్దున రంగనాయకులుకు కోపమొచ్చి పావనిని రెక్కపట్టి ఈడ్చుకొచ్చి ఆటోలో కూర్చోబెట్టాడు. మిగతా పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. బడి గేటు దగ్గర దిగనంటూ, ఆటో కడ్డీ పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్న కూతుర్ని చూసి ఆయన బండి వెనక్కి తిప్పాడు. ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆనాటి నుంచి పావని తండ్రితో కూడా మాట్లాడటం మానేసింది.

లెక్కలు చెప్పే స్టెల్లా టీచరు ఇంటికొచ్చింది.

"బలవంతం చేయొద్దు రంగనాయకులన్నా. బడిలో పాప పేరు తీసేయకుండా నేను చూసుకుంటా. భయపడేవన్నీ కొన్నాళ్లు దూరం పెట్టు. ముందు నీతో మాట్లాడనీ," అంది.

పాపను భయపెట్టేది ఏంది? ఆటో సద్దు వింటే బడి గుర్తొస్తుంది గదా, అనుకున్నాడాయన. మర్నాటి నుంచి బండిని ఇంటి ముందు స్టార్ట్ చేయకుండా, చేతుల్తో తోసుకుంటూ సందు చివరి దాకా తీసుకుపోయేవాడు. సందేమో ఎగువ. ఖాకీ చొక్కా చెమటకు తడిసి ముద్దయ్యేది. "ఏందన్నా, బండి చెడిపోయినాదా?" అని ఎవరైనా అడిగితే "ఔనప్పా" అనేసేవాడు.

పక్కన సీటంచు ఖాళీగా ఉండేది. ఎవరైనా పిల్లవాడు అక్కడ కూర్చోబోతే వెనక్కి పొమ్మనేవాడు. "నీకు తెల్సునా నాయనా" అన్న ఆ ఒక్క మాట కోసం ప్రాణం కొట్టుకులాడేది. వినకుండా తల ఊపేసిన మాటలన్నీ ఇప్పుడు కావాలనిపించేది. అవి ఏ మాటలో కూడా తెలియకపాయె.

వానలు మొదలైన ఒక పొద్దున సందంతా బురదయింది. బండి కదలనంటోంది. హ్యాండిల్ పట్టుకుని, భుజం ఆనించి తోస్తుంటే ఉన్నట్టుండి బరువు తగ్గింది. తిరిగి చూశాడు. పావని! జుట్టు విరబోసుకుని, పాత గౌనులో, చీలమండల దాకా బురదలో నిలబడి వెనక నుంచి తోస్తోంది.

"నువ్వెందుకొచ్చినావమ్మా? తడుస్తావు, లోపలికి పో."

"ఎం... ఎందుకు తో... తోస్తావు రోజూ?"

ఎన్నాళ్లకో విన్న గొంతు. ఆయనకు కళ్లు చెమర్చాయి.

"సద్దయితే నీకు బడి గుర్తొచ్చి బాధపడతావని తల్లీ."

పావని అడ్డంగా తల ఊపింది.

"బ... బడంటే భయం. ఆటో కాదు. పొద్దున్నే లేచి ఆ స... సద్దు కోసమే చూస్తా నాయనా. అది ఉంటే నా న... నత్తి నాకు వినపడదు. అప్పుడే నాకు మా... మాటొచ్చేది."

పిల్ల మాటకున్న ఒక్క దారినీ రంగనాయకులు, అంత చెమటోడ్చి, తన చేతుల్తో తనే మూసేశాడు.

అక్కడే బండి స్టార్ట్ చేశాడు. సందంతా అదిరింది. తిట్టడానికి గుమ్మంలోకి వచ్చిన శ్రీశైలమ్మ మనవరాలిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పావని ఎక్కి సీటంచున కూర్చుంది. యూనిఫాం లేదు, బ్యాగూ లేదు.

"సం... సందు చివరి దాకానే," అంది.

"అట్లనే తల్లీ. అంతవరకే."

బండి కదిలింది.

"నీకు తెల్సునా నాయనా..."

ఈసారి ఆయన తల ఊపలేదు. చెవి ఆమె నోటి దగ్గరికి వంచాడు. రోజూ తోసేటప్పుడు ఎంతకూ తెగని సందు, ఎంత మెల్లగా నడిపినా ఇట్టే అయిపోయింది.