పాదాల చోట తెల్ల అద్దం

పోయిన ఆదివారం గుళ్లో ప్రార్థన మొదలవబోతుండగా బయట కిర్రుచెప్పుల చప్పుడు వినిపించింది. పిఠాపురం వైపు నుంచి పెళ్లాన్ని కొత్తగా కాపురానికి తెచ్చుకున్న కుర్రవాడు గుమ్మం దాకా కిర్రు కిర్రుమంటూ వచ్చి, చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా తల దానంతటది తూర్పు కిటికీ వైపు తిరుగుతుంది. చూడకూడదనుకుంటూనే చూస్తాను. రంగు అద్దాల్లో ప్రభువు గొర్రెల కాపరిగా నిలబడి ఉంటాడు. నీలం అంగీ, ఎర్ర పైబట్ట, చేతుల్లో గొర్రెపిల్ల. అంగీ అంచు కింద, పాదాలుండాల్సిన చోట, ఏ రంగూ లేని తెల్ల అద్దం ముక్క. ఆ కిటికీ చేసిన మనిషి పేరు ఇప్పటివాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే. నాకూ ఓపిక అయిపోతోంది. అందుకే ఇప్పుడైనా రాస్తున్నాను.

ఆయన పేరు సమూయేలు. అందరూ అద్దాల మేస్త్రీ అనేవారు. కోనసీమలో ఒక ఊరి చివర, చెప్పులు కుట్టేవాళ్ల ఇంట పుట్టాడు. వయసులో ఉండగా యానాం వెళ్లి అక్కడ ఒక ఫ్రెంచి పాదిరీ దగ్గర అద్దం కొయ్యడం, దాని మీద బొమ్మ వెయ్యడం నేర్చుకున్నాడట. రాజమండ్రిలో మా గుడి కట్టేటప్పుడు మిషను దొరగారు ఆయన్ను పిలిపించారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. నేను పాతికేళ్ల బడి పంతుల్ని, సంఘానికి లేఖరిని. ఆయన నన్ను అండీ అనేవాడు, నేను ఆయన్ను నువ్వు అనేవాణ్ణి. అప్పుడది ఎవరికీ తప్పనిపించలేదు. నాకూ అనిపించలేదు.

కాలవ గట్టున తాటాకు పాకలో పని. రంగు అద్దాలు గడ్డిలో చుట్టి యానాం నుంచి పడవ మీద వచ్చేవి. ఎర్రగా కాల్చిన ఇనుపకడ్డీతో వాటిని కోసి, ఇనప్పొడీ గాజుపొడీ తుమ్మబంకలో నూరి, ఆ రంగుతో ముఖమూ వేళ్లూ మడతలూ గీసేవాడు. తరవాత ఊక బట్టీలో కాల్చేవాడు. ఒకసారి దొరగారు పంపిస్తే, బట్టీ తెరిచి ముక్కలు చూపించమని వెళ్లి కూర్చున్నాను. పొద్దు నడినెత్తికి వచ్చినా తియ్యడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకా ఎంతసేపయ్యా?"

"వేడి దానంతటది పోవాలండి. మనం తొందరపడితే అద్దం ఊరుకోదండి."

తీరా తీస్తే సగం ముక్కలు అప్పటికే బీటలు తీసి ఉన్నాయి. ఆయన వాటిని పక్కకు తోసి, కొత్త అద్దం తీసుకుని మళ్లీ గీత పెట్టాడు. విసుగు రాదా అని అడిగాను. "వస్తుందండి. వచ్చినా కొయ్యాలి కదండీ," అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు ఈ మాటే నన్ను నిలబెట్టింది.

పాదాల ముక్క కాల్చిన రోజున నన్ను పిలిచి చూపించాడు. అరచెయ్యంత లేత పసుపు అద్దం మీద రెండు పాదాలు, వాటికి కిర్రుచెప్పులు. మన ఊళ్లలో కుట్టేవే. పట్టీ మీద కుట్టు కూడా కనిపించేలా వేశాడు. దొరగారు చూసి వెయ్యమని ఇచ్చిన సీమబొమ్మలో చెప్పులు వేరు కదా అన్నాను.

"అవెలా కుడతారో నాకు తెలీదండి. ఇవి తెలుసు. మా నాన్న ఊరందరికీ కుట్టాడండి. ఆయన మాత్రం ఊళ్లోకొస్తే తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి. ఎండాకాలం ఆ దుమ్ములో గెంతుకుంటూ నడిచేవాడండి."

మా ఊళ్లో మా నాన్న చెప్పులేసుకునే నడిచేవాడు. బహుశా అలాంటివాళ్లు కుట్టినవే.

కిటికీ నిలబెట్టే వారం సంఘం పెద్దలు వచ్చి చూశారు. చూసినవాళ్లకు ముఖం కనపడలేదు, గొర్రెపిల్ల కనపడలేదు, చెప్పులే కనపడ్డాయి. "మనమే చెప్పులు బయట విడిచి వస్తామే, ప్రభువు చెప్పుల కాళ్లతో గుళ్లో నిలబడతాడా?" అన్నారొకరు. "వాడి కులపు పని తీసుకెళ్లి ప్రభువు కాళ్లకు తొడిగాడండీ," అన్నారింకొకరు. అసలు మాట అదే. సీమబొమ్మలో చెప్పులు అంతకుముందు అందరూ చూశారు, ఎవరికీ తప్పుగా తోచలేదు. దొరగారు ఊళ్ల మీద తిరుగుతూ ఉన్నారు, నిర్ణయం మాకే వదిలారు. చెప్పులు తీసెయ్యాలనేవాళ్లు చెయ్యెత్తమన్నారు. ఒక్కొక్కటే లేస్తుంటే నేనూ ఎత్తాను. ఎత్తకపోతే నన్నెవరూ కొట్టేవాళ్లు కాదు. పదిమందిలో ఒక్కణ్ణే చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికి సిగ్గేసింది, అంతే.

కబురు చెప్పే పని కూడా నా మీదే పడింది.

"చెప్పులు తీసెయ్యాలన్నారు," అన్నాను.

"ఎవరండీ?"

"సంఘం."

"తమరూ చెయ్యెత్తారా అండి?"

"ఎత్తాను."

ఆయన అద్దం ముక్కల్ని కలిపి బిగించే సీసపు పట్టీ ఒకటి తుడిచి పక్కన పెట్టాడు. "ఉత్త కాళ్లు వెయ్యమంటారు, అంతే కదండీ. ఉత్త కాళ్లు నేను వెయ్యనండి. మా ఇంట్లో చాలా చూశాను," అన్నాడు. గొంతు పెంచలేదు. చుట్టూ సీసం విప్పి ఆ ముక్క తీసి, అదే కొలతకు తెల్ల అద్దం కోసి బిగించాడు. తీసిన ముక్కను పాతబట్టలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ప్రభువు పాదాలేవీ అని ఎవరైనా అడిగితే ఇవ్వండి. సీసం విప్పి పెట్టేసుకోవచ్చు. సరిగ్గా సరిపోద్ది."

ఆ తరవాత ఆయన మనిషి బొమ్మ వెయ్యలేదు. కోమట్ల ఇళ్లకు గుమ్మాల పైన పువ్వులు, చిలకలు, తీగలు చేసి బతికాడు. ఈ ఊళ్లో అవి ఇంకా ఉన్నాయి, సాయంత్రం ఎండకు అరుగుల మీద రంగులు పడుతుంటాయి. చివరికి బట్టీ పొగకు ఆయన చూపు పోయింది. ఆఖరిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు, "ఎలా ఉన్నారు మేస్త్రీ గారూ?" అన్నాను. వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని ఆయన అటూ ఇటూ తల తిప్పాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా క్షమించమని నోరు తెరిచి అడగలేకపోయాను.

"పాదాలు ఉన్నాయా అండి?"

"ఉన్నాయండి."

"ఎవరూ అడగలేదేంటండి?"

"ఇంకా లేదండి."

ఆ నెలలోనే పోయారు. ఆ రోజు నుంచి బడికి వచ్చిన ఏ తండ్రినీ నేను నువ్వు అనలేదు. అదేమన్నా ప్రాయశ్చిత్తమా అంటే, కాదు.

పోయిన ఆదివారమే, ప్రార్థన అయ్యాక, ఆ కిర్రుచెప్పుల కుర్రవాడి కొత్త పెళ్లాం కిటికీ కింద నిలబడి చూస్తోంది. నన్ను చూసి అడిగింది. "పంతులుగారూ, ప్రభువుకి పాదాలు లేవేంటండి?"

నలభై ఏళ్లుగా ఈ ఒక్క మాట కోసమే చూశాను. ఆనాటి పెద్దల్లో ఒక్కరూ బతికి లేరు. ఎవరికి భయపడ్డానో నాకే తెలియదు.

"ఆ ముక్క పగిలిపోయిందమ్మా," అన్నాను.

ఇంటికి వచ్చి పెట్టె తీశాను. బట్ట విప్పి, అద్దాన్ని కిటికీ దగ్గర ఎండకు పట్టుకున్నాను. చెప్పుల నీడ నా అరచేతిలో పడింది. ఆ రోజు ఎత్తింది ఈ చెయ్యే. తిప్పి తిప్పి చూశాను. చిన్న బీట కూడా లేదు.