కొలువుకు వచ్చిన టీచరమ్మ

నా చిన్నప్పుడు పుదుచ్చేరిలో మా వీధి అమ్మానాన్నలు బడి గడప తొక్కేవాళ్ళు కాదు. మగవాళ్ళంతా మిల్లు పనివాళ్ళు. పిల్లాడు తప్పు చేస్తేనే బడి నుంచి కబురొస్తుందని, వెళ్ళామంటే వీధిలో పరువు పోయినట్టేనని వాళ్ళ నమ్మకం. టీచర్లూ మా వీధి వైపు వచ్చేవాళ్ళు కాదు. ఇంటి మాట బడికీ, బడి మాట ఇంటికీ మోసేది పిల్లలమే.

ఎదురింటి వాడు నా నేస్తం. నాకంటే బాగా చదివేవాడు. ఐదో తరగతిలో వాడికి బోర్డు మీది అక్షరాలు సరిగా కనిపించడం మానేశాయి. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు. బయటపడితే గుడ్డివాడంటారని వాడి భయం. కొన్నాళ్ళు పక్కన కూర్చుని, బోర్డు మీద రాసింది మెల్లగా చదివి చెప్పాను. పరీక్షలు దగ్గరపడ్డాయి. నేను చెప్పడం మానేస్తే మొదటి ర్యాంకు నాదవుతుందని తోచింది. మానేశాను. ర్యాంకు నాకే వచ్చింది.

తర్వాత వాడు బడికి రావడమే మానేశాడు. పొద్దున్నే సంచి తగిలించుకుని నాతో బయలుదేరి, దారిలో బీచ్ రోడ్డు వైపు మళ్ళేవాడు. టీచరమ్మ అడిగితే జ్వరమన్నాను. వాళ్ళమ్మ అడిగితే బాగా చదువుతున్నాడన్నాను. వాణ్ణి కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి వాడు తిరిగొస్తే నా ర్యాంకు పోతుందని భయం.

లాస్‌పేటలో కాలేజీకి వెళ్ళే పక్కింటి అక్క ఒకరోజు బడి వేళలో వాణ్ణి సముద్రం ఒడ్డున రాళ్ళ మీద చూసిందట. ఇంట్లో చెబితే వాడికి దెబ్బలు, బడిలో చెబితే పేరు కొట్టేస్తారు. అందుకని ఎవరికీ చెప్పలేదు. నవరాత్రులు వచ్చాయి, అక్క వాళ్ళింట్లో బొమ్మల కొలువు పెట్టారు. తాంబూలానికి పిలిస్తే మా వైపు ఏ ఆడమనిషీ రానని అనదు. అక్క ఒకే సాయంత్రానికి టీచరమ్మనీ, వాడి అమ్మనీ పిలిచి, నన్ను గుగ్గిళ్ళు పంచమంది.

టీచరమ్మ తమిళంలో అడిగింది, మీవాడికి జ్వరం ఇంకా తగ్గలేదా అని.

"ఎవురికమ్మా జ్వరం? దినామూ బడికే కదా పోతా ఉండాడు! ఇదో, ఈడితోనే," అంది వాడి అమ్మ.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఈణ్ణి అడగబాక అత్తా," అంది అక్క. "ఇన్నాళ్ళూ ఈణ్ణే కదా అడిగినారు! మీరిద్దురూ మాట్లాడుకోండి."

అన్నం తినేటప్పుడు వాడు కంచం మొహం దాకా ఎత్తుకుంటాడని వాళ్ళమ్మ చెప్పింది. "ఎగతాళికి అట్ట చేస్తాడనుకుంటినమ్మా." బోర్డు మీది లెక్కలు తప్పుగా ఎక్కించుకునేవాడని, పొగరనుకుని కొట్టానని టీచరమ్మ చెప్పింది. వాళ్ళకు చెరి సగం తెలుసు. మొత్తం తెలిసినవాణ్ణి నేనే.

మర్నాడు టీచరమ్మే తోడు వచ్చి వాణ్ణీ, వాళ్ళమ్మనీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. వాళ్ళ నాన్న కూడా వెళ్ళేందుకు మా వీధి ఆయనొకరు మిల్లులో ఆయన బదులు షిఫ్టు చేశారు. డాక్టరు కుడి కంటికి అద్దాలు రాశాడు. ఎడమ కంటికి చూపు ఇక రాదన్నాడు. ముందే ఎందుకు తేలేదని ఆ తల్లిని కోప్పడ్డాడట. నాకు తగలాల్సిన మాట ఆమె తల వంచుకుని విన్నది.

వాడు బడికి తిరిగొచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. మా వీధి తల్లులు బడికి వెళ్ళి మాట్లాడటం ఆ తర్వాతే నేర్చుకున్నారు. ఇప్పుడు నా మనవరాలి బడికి నేనే వెళతాను. ఇంట్లో చూసింది చెబుతాను, బడిలో వాళ్ళు చూసింది అడుగుతాను. మధ్యలో పాపను నిలబెట్టను.

సాయంత్రాలు వాడూ నేనూ కలిసి నడుస్తాం. అప్పుడు చదివి చెప్పడం ఎందుకు మానేశావని వాడు ఒక్కసారీ అడగలేదు. అడుగుతాడేమోనని ఈ వయసులోనూ భయమే. ఎప్పుడూ వాడి ఎడమ పక్కన నడుస్తాను. ఆ వైపు నుంచి వచ్చే బండ్లు వాడికి కనపడవు. నా మొహం కూడా.