ఎండాకాలం కంబళి

పంకజాక్షి నేతగాళ్ల ఊరు నగరిలో పుట్టింది. ఇంట్లో మరమగ్గాలు పొద్దస్తమానం ఆడుతుండేవి. ఆ హోరులో మాట వినపడదు కాబట్టి, నాయనకు ఏం కావాలో ముఖం చూసి తెలుసుకోవడం ఆమెకు చిన్నప్పుడే అలవాటైంది. తర్వాత నర్సింగ్ చదివి, చాలా ఏళ్లు వార్డుల్లో పనిచేసి, ఇప్పుడు చిత్తూరులో నర్సులకు శిక్షణ ఇస్తోంది. వృద్ధుల థైరాయిడ్ జబ్బుల గురించి చెప్పే రోజు ఆమె బోర్డు దగ్గర ఎక్కువసేపు నిలబడదు. "ముసలివాళ్లలో ఈ జబ్బు వయసు వేషం కట్టుకుని వస్తుంది" అని ఒక్క మాట చెప్పి, నర్సులను రోగుల దగ్గరికి తీసుకెళుతుంది.

మొన్నటి వేసవిలో శిక్షణకు వచ్చినవాళ్లలో మహిత ఒకతె. బంగారుపాళ్యం దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన నర్సు. పంకజాక్షి అక్కడికి వెళ్లిన రోజు గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారుతున్నాయి. ఆ ఎండలో ఒక అవ్వ బెంచీ మీద కంబళి కప్పుకుని కూర్చుని ఉంది. పేరు మునిరత్నమ్మ. బీపీ మాత్రల కోసం కోడలు రాఘవమ్మ పిలుచుకొచ్చింది.

"ఈ అవ్వ నెలనెలా వస్తుంది మేడమ్. వయసైపోయింది కదా, మతిమరుపు" అంది మహిత మెల్లగా.

"కంబళి ఎప్పటినుంచి కప్పుకుంటుందో అడిగినావా?"

అడగలేదు. మహిత వెళ్లి అవ్వ పక్కన కూర్చుంది. అడిగినదానికి అవ్వ చాలాసేపటికి, బొంగురు గొంతుతో బదులిచ్చింది.

"సలిగా ఉండాది పాపా. పోయిన చింతకాయల కాలం నుంచీ సలే."

రాఘవమ్మ అందుకుంది. "మా అత్త తోటలో అడుగుపెడితే కూలోళ్లు పని ముగిసేదాకా కొమ్మ దిగేది లేదమ్మా. అంత గట్టి మనిషి. ఇప్పుడు యాడ కూర్చోబెడితే ఆడనే. సరిగా తినకపోయినా ముఖం ఉబ్బతా ఉండాది. మలబద్ధకం వేరే. వయసులే అనుకున్నాం."

మహిత అవ్వ చెయ్యి పట్టుకుని చూసింది. చర్మం ఎండిపోయి గరుగ్గా ఉంది. నాడి నిదానంగా కొట్టుకుంటోంది. ఆమె తలెత్తి పంకజాక్షి వైపు చూసింది. తర్వాత తనే లేచి వెళ్లి డాక్టరుగారికి చెప్పింది. ఆయన రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ గ్రంథి బాగా మందగించిందని తేలింది. పెద్ద వయసులో గుండె మీద ఒక్కసారిగా భారం పడకూడదని చిన్న మోతాదుతో మాత్ర మొదలుపెట్టారు.

వారాలు గడిచాయి. మళ్లీ పరీక్ష చేస్తే పెద్ద మార్పు లేదు. మహిత దిగులుగా ఫోన్ చేసింది.

"మోతాదు చాలలేదేమో మేడమ్."

"ఆ సంగతి డాక్టరుగారు చూస్తారు. ముందు నువ్వు పొద్దున్నే వాళ్లింటికి పోయి, అవ్వ మాత్ర ఎట్లా వేసుకుంటుందో కళ్లతో చూసిరా."

మహిత మరునాడే వెళ్లింది. రాఘవమ్మ ప్రేమగా కాఫీ కలిపి, థైరాయిడ్ మాత్ర, ఎముకల బలానికి ఇచ్చే కాల్షియం మాత్ర రెండూ అత్త చేతిలో పెట్టింది. మునిరత్నమ్మ ఆ కాఫీతోనే రెండూ మింగేసింది.

"నువ్వే కదా పాపా పొద్దున్నే వేసుకోమన్నావు?" అని అడిగింది రాఘవమ్మ.

నిజమే, మహిత చెప్పింది ఆ ఒక్క ముక్కే. ఆమె అక్కడే చాప మీద కూర్చుని మళ్లీ మొదటినుంచి చెప్పింది. పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర ఒక్కటే వేసుకోవాలి. కాఫీ, కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి గంట ఆగి కాఫీ. కాల్షియం మాత్ర మధ్యాహ్నం భోజనం తర్వాత. గుండె దడగా అనిపించినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలి. చెప్పి ఊరుకోకుండా, "ఏదీ, నువ్వు చెప్పు అవ్వా" అంది.

"కాఫీకి గంట ఆగాల. అదొక్కటే కష్టం" అంది మునిరత్నమ్మ. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ తర్వాత మందు మెల్లమెల్లగా పట్టింది. ముఖం వాపు తగ్గింది. చలి పోయింది. ఒకరోజు మునిరత్నమ్మ తనంతట తానే తోటకు నడిచి వెళ్లి, చెట్లకు పాదులు సరిగా తీయలేదని కూలివాళ్లను మందలించిందట. మాత్రల కోసం అత్తతో వచ్చిన రాఘవమ్మ ఆ మాట చెబుతుంటే, మళ్లీ ఆ కేంద్రానికి వెళ్లిన పంకజాక్షికి పండగలా అనిపించింది.

"అవ్వా, మా కొత్త నర్సులకు నువ్వొచ్చి పాఠం చెప్తావా?" అని అడిగింది.

"నాకేం సదువు ఉండాదని?"

"నీకు ఎట్లా ఉండిందో చెప్పు. అది మా పుస్తకాల్లో సరిగా లేదు."

మునిరత్నమ్మ జరీ అంచు చీర కట్టుకుని, కోడలితో బస్సులో చిత్తూరు వచ్చింది. కొత్త బ్యాచ్ ముందు కుర్చీలో కూర్చుంది.

"నాకు అన్నీ వినపడతా ఉండె. బదులు చెప్పాలంటే మాట బావి అడుగునుంచి తోడినట్టు ఉండె. నేను తోడేలోగా అడిగినోళ్లు ఎళ్లిపోతారు. మీరు రవ్వంత సేపు నిలబడండమ్మా" అని చెప్పింది.

నర్సులు ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు అడిగారు. అవ్వ తీరిగ్గా బదులిచ్చింది. కొన్నిటికి అడక్కుండానే మామిడితోట కబుర్లు కూడా కలిపింది. మాత్రల గురించి చెప్పే వంతు, పంకజాక్షి పిలవగా వచ్చిన మహితది. ఆమె లేచి మాట్లాడుతుంటే పంకజాక్షి వెనక వరుసలో హాయిగా చేరగిలబడి వింది. భోజనాల గంట కొట్టినా అవ్వ చుట్టూ మూగిన నర్సులు కదల్లేదు. పంకజాక్షి కూడా తొందరపెట్టలేదు.