పచ్చ లైటు వెలిగింది, కరెంటు లేదు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను, క్షమించమని మాత్రం కాదు.

ఇక్కడ హిందీవాళ్ల మధ్య, తోర్వా అనే రైల్వే పేటలో ఒక చెవి డాక్టరు దగ్గర మిషను నడిపేదాన్ని. చెవుల్లో హోరు ఆగనివాళ్లకి చెవి దగ్గర ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పంపే వైద్యం. అందరికీ తగ్గదని డాక్టరు ముందే చెప్పేవారు. మా క్వార్టర్ల లైన్లోని బాబాయ్ కూడా వచ్చేవారు. చుట్టం కాదు, పిలుపే. డీజిల్ షెడ్డులో ముప్పై ఏళ్లు చేసి, ఆ చప్పుడంతా చెవుల్లో ఇంటికి తెచ్చుకున్న మనిషి. రెండేళ్లుగా కంటి నిండా నిద్ర లేదు.

మూడో వారం, ప్యాడ్ల వైరు లోపల తెగిపోయిందని గమనించాను. బాబాయ్ అప్పటికే కుర్చీలో కూర్చున్నారు. వెనక్కి పంపేయాలి కదా? ఆ మొహం చూసి పంపలేకపోయాను. ప్యాడ్లు అంటించి స్విచ్ వేశాను. మిషను మీద పచ్చ లైటు మామూలుగానే వెలిగింది.

"ఏటమ్మా, ఈవేళ చురుకు తగల్లేదు?"

"అలవాటైపోనాది బాబాయ్."

"అచ్ఛా! పచ్చ లైటు ఎలిగింది కదా. లైన్ క్లియరే."

రైల్వే మనిషి. పచ్చ లైటును అనుమానించడం ఆయనకు చేతకాదు.

మర్నాడు వచ్చి, నిద్రపట్టిందమ్మా అంటూ నా చేతులు పట్టుకున్నారు. ఏం చెప్పమంటారు? తర్వాత కొత్త వైరు వచ్చింది. అయినా ఆయన వంతు రాగానే ఆ తెగిన వైరే తగిలించేదాన్ని, వైద్యం చివరి రోజు దాకా. భయమా, జాలా, నా అబద్ధం గెలవాలన్న పొగరా? మూడూననుకుంటాను.

అక్కడితో ఆగితే బాగుండేది. బాబాయ్ ఇదే హోరుతో బాధపడే తన పాత దోస్తును కోటా ఊరి నుంచి పిలిపించారు. ఆయనకి మంచి వైరే పెట్టాను. తగ్గలేదు. వాడికి తగ్గి నాకు తగ్గలేదంటే లోపం నాదేనని, తనను తానే తిట్టుకుంటూ రైలెక్కారు ఆ పెద్దాయన. అప్పుడూ నోరు విప్పలేదు. అదే నా తప్పు. బాబాయ్ నిద్ర కాదు. దానికి మాత్రం ఎవరేమన్నా తల దించను.

నిజం తెలిస్తే బాబాయ్‌కి హోరు తిరిగి వస్తుందా? తెలీదు. కానీ ఆ కోటా పెద్దాయనకి లోపం ఆయనది కాదని చెప్పి నమ్మించగలిగింది బాబాయ్ ఒక్కరే.

హిందీలో రాయడం నాకు సులువు. మా లైన్లో ఇప్పటికీ ఈ తెలుగు పత్రిక తెప్పించుకుని చదివేది బాబాయే, అందుకే అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తెలుగులో రాశాను. పేరు పెట్టలేదు. చదువుతూ పచ్చ లైటు మాట దగ్గరికి రాగానే నేనెవరో ఆయనకి తెలిసిపోతుంది.

అడగడానికి వస్తే రానీ. తలుపు తీసే ఉంది.