బాబాయి పక్కన రెండో కంచం

మొన్న సింగపూరులో, సెరంగూన్ వైపు మా అమ్మాయి ఉండే కాండో అపార్టుమెంట్లలో, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళను స్విమ్మింగ్ పూల్‌లో దిగనివ్వాలా వద్దా అని అందరి ఓట్లూ అడిగారు. దిగనివ్వాలని అమ్మాయి వెంటనే ఫోన్‌లో నొక్కేసింది కానీ, అసలు దీనికి ఓటెందుకని ఆలోచిస్తూ నేను ఇక్కడి షిప్‌యార్డులో వెల్డరుగా చేరిన తొలి ఏడాదికి వెళ్ళిపోయాను.

అప్పట్లో మా డార్మిటరీ గదిలో పద్దెనిమిది మందిమి, అందరమూ శ్రీకాకుళం వైపు వాళ్ళమే, ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళం. వంట చేసే ఆయన వర్క్ పర్మిట్ గడువు అయిపోయి ఊరికి వెళ్ళిపోతే, పెయింటింగ్ పనిలో ఉన్న మా పక్క ఊరి అన్న ఒకడు, ఇకనుంచి తాను వండుతానని ఆ ఆదివారం అన్నం, పులుసు చేసి పెట్టాడు. అతని కులం తెలిసిన ఇద్దరు మాత్రం ఆ చేతి వంట తినమని మొండికేశారు. మాటామాటా పెరిగి గది రెండుగా చీలేలా ఉంటే, మాకందరికీ పెద్దదిక్కయిన బాబాయి ఓటు పెడదామన్నాడు. సరేనంటే శనగగింజ, వద్దంటే చింతగింజ, ఎవరేది వేశారో తెలియకుండా కుండలో వెయ్యాలి.

నా గుప్పిట్లో రెండు గింజలూ ఉన్నాయి. అన్నంటే నాకిష్టమే, కానీ సంగతి ఊరికి చేరితే మా నాయనమ్మ ఏమంటుందోనన్న భయం అంతకంటే ఎక్కువ. కుండ నా దాకా రాకముందే, పొయ్యి దగ్గర నిలబడ్డ అన్న నెమ్మదిగా అన్నాడు.

“నా సేతి కూడు తినాలా వద్దా అని ఓటేటి బాబాయ్? వద్దన్నోలు ఎక్కువైతే నాను మనిసిని కాకుండా పోతానా?”

బాబాయి కుండ పక్కకు నెట్టి, కంచం ముందేసుకుని కూర్చున్నాడు.

“తప్పు నాదే నాయనా. ఇది ఓటుకెట్టే ఇసయం కాదు. ఒడ్డించు.”

ఎవరూ కదల్లేదు. నేను లేచి వెళ్ళి ఆయన పక్కన కంచం పెట్టుకుని కూర్చున్నాను. ఆ తరవాత ఒక్కొక్కరే వచ్చారు. ఆ ఇద్దరూ నాలుగు రోజులు బ్రెడ్డుతో గడిపి, అయిదో రోజు వచ్చి వరసలో కూర్చుంటే, అన్న వాళ్ళకూ అడిగి అడిగి వడ్డించాడు.

తరవాత వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు పరీక్ష పాసయ్యాను, ఊరి ఉత్తరాన యూ టీ అనే చోట ఫ్లాటు కొన్నాను, పిల్లల్ని చదివించాను. అయినా గర్వపడ్డ రోజేదంటే ఆ మధ్యాహ్నమే చెబుతాను. మొదట కూర్చునే ధైర్యం నాకు లేకపోయింది, కానీ రెండోవాడిని నేనే.

బాబాయి ఇప్పుడు లేడు. అన్న సొంతూళ్ళో మనవల మధ్య ఉన్నాడు. ఆ గదిలో వాళ్ళం ఇక్కడ ముగ్గురం మిగిలాం, ఎవరి వంటిల్లు వాళ్ళది, పండక్కి కలిసినా భోజనం హోటల్ నుంచే వస్తుంది. తగువులూ లేవు. ఎదుటి మనిషి ముఖం చూసి మనసు మార్చుకోవలసిన అవసరం మాకు రాక ఎన్నేళ్ళయిందో.