మంగక్క చూసిన పేజీ

తడి నూలుగుడ్డ మీద ఇస్త్రీ పెట్టె పెట్టగానే చుయ్యిమని ఆవిరి లేస్తుంది. కాస్త గంజి, కాస్త ఊదు పొగ కలిసిన వాసన. బహ్రెయిన్‌లో, అద్లియాలోని ఈ ఇంట్లో, వంటింటి వెనక గదిలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఇస్త్రీ చేస్తున్నాను. నాలుగేళ్ల కిందటి దాకా ఈ బల్లకి అవతలి వైపు మంగక్క ఉండేది. ఆవిడ వెళ్లాక మేడమ్ ఇంకో మనిషిని పెట్టుకోలేదు. ఇప్పుడు రోజంతా నోరు విప్పే పని ఉండదు. ఒక్కోసారి సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. ఈ ఆవిరి ముక్కుకి తగిలినప్పుడు మాత్రం, "ఏమే, కాలరు మాడ్చేస్తన్నావ్, ధ్యాసెక్కడుంది?" అని ఆవిడ గదమాయించినట్టే ఉంటుంది.

మంగక్కది అమలాపురం దగ్గర పల్లె, మాది రాజోలు వైపు. నాకన్నా పాతికేళ్లు పెద్ద. నిజం చెప్పాలంటే మొదట్లో ఆవిడంటే నాకు గిట్టేది కాదు. అడగని సలహాలు చెప్పేది. నా టీలో పంచదార ఎంత వేసుకోవాలో కూడా ఆవిడే తేల్చేది. నేను పదో తరగతి పాసయ్యాను. ఆవిడకి తన పేరు రాసుకోవడం కూడా రాదు. అలాంటి మనిషి నాకు చెప్పడమేమిటని లోలోపల రుసరుసలాడేదాన్ని.

నా కూతురు దుర్గకి అప్పుడు ఏడేళ్లు. వాళ్ల నాన్న పోయాక దాన్ని మా అన్నయ్య ఇంట్లో వదిలి నేనిక్కడికి వచ్చాను. శుక్రవారం మధ్యాహ్నం మాకు రెండు గంటలు తీరిక. ఆ రెండు గంటల కోసమే వారమంతా బతికేదాన్ని. వీడియో కాల్‌లో దుర్గ పుస్తకం ఒళ్లో పెట్టుకుని తెలుగు పాఠం చదివేది. ఎక్కడా ఆగేది కాదు. నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. దూరాన ఉన్న తల్లికి బిడ్డ బాగా చదువుతోందన్నదే పెద్ద ఊరట కదా.

అలాంటి పిల్లకి బడిలో డిక్టేషన్‌లో సున్నాలు వస్తున్నాయని ఒకరోజు మా వదిన చెప్పింది. "నోటికి గడగడా వచ్చుద్ది, రాయమంటే మొండికేస్తందంట పద్మా" అంది. నాకు ఒళ్లు మండింది. తల్లి పక్కన లేదని పిల్ల అలుసు తీసుకుంటోందనుకున్నాను. "మార్కులొస్తేనే నీతో మాట్లాడతాను, అప్పటిదాకా నాకు ఫోన్ చెయ్యకు" అని కాల్ కట్ చేశాను. పై వారం కూడా అంతే చేశాను. ఇంత దూరం నుంచి పిల్లని దండించడానికి నా దగ్గరున్నది అదొక్కటే. మూడో శుక్రవారం నేనే ఉండబట్టలేక ఫోన్ చేస్తే, దుర్గ రాలేదు. మంచం కింద దూరిందని వదిన చెప్పింది. ఆ తర్వాతి వారమూ రాలేదు. నా పిల్ల నాకు దక్కకుండా పోతోందని మొదటిసారి భయమేసింది.

అయిదో శుక్రవారం వదిన ఎలాగో బతిమాలి కూర్చోబెట్టి, పక్కనుంచి తనే ఫోన్ పట్టుకుంది. దుర్గ నా ముఖం చూడకుండా పుస్తకం తెరిచి కాకి కథ చదవడం మొదలుపెట్టింది. మంగక్క టీ గ్లాసు ఇవ్వడానికి వచ్చి, నా భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూసింది.

"ఆ పేజీలో రైలు బొమ్మ ఉందేంటే?" అంది నెమ్మదిగా. "చదివేదేమో కాకి గురించి."

ఎప్పుడూ కళ్లు మూసుకుని వినే నాకు ఆ బొమ్మ కనపడలేదు. ఆవిడకి అక్షరాలు రావు, అందుకని బొమ్మలే చూసింది. పిల్ల నన్ను మోసం చేస్తోందని అరవబోయాను. మంగక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అమ్మలూ, కాకి కథ నీకెవరు చెప్పేరమ్మా?"

దుర్గ గొణిగింది. "బావ చదూతుంటే విన్నాను."

"ఒక్కసారి వింటేనే అంతా గుర్తుండిపోయిందా? అమ్మో, ఎంత బుర్రే నీది!"

అవతల దుర్గ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని రోజులైందో.

ఫోన్ పెట్టేశాక మంగక్క మళ్లీ ఇస్త్రీకి నిలబడింది. మేడమ్ కూతురు నూరా చిన్నప్పుడు ఇలాగే ఉండేదని చెప్పింది. ఆ పిల్ల కోసం ఒక టీచరమ్మ ఇంటికి వచ్చేదట. పళ్లెంలో పిండి పోసి, వేలితో అక్షరాలు దిద్దించేదట. కాఫీ పట్టుకెళ్లిన ప్రతిసారీ మంగక్క గుమ్మం దగ్గర నిలబడి చూసేదట.

"అక్షరాలు ఆ పిల్లకి పట్టుబడవంట, తెలివి లేక కాదంట. ఇక్కడ పిల్లకైతే టీచరమ్మ వచ్చింది. మన పిల్లకైతే మొద్దని పేరొచ్చుద్ది" అంది. తర్వాత ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "మా శీనుగాడూ ఇంతేనే. ఇక్కణ్ణుంచి ఫోన్ చేసి, తోలు తియ్యండని మేస్టారికి నేనే చెప్పించేను. తీసేరు. నూరాని చూసేకే నాకు తెలిసింది, వాడి తప్పేం లేదని. అప్పటికే వాడు పెద్దోడైపోయేడు. నా ఫోన్ ఎత్తడు."

ఆవిడ మడతపెట్టిన చొక్కానే నేను మళ్లీ మడతపెట్టాను.

"నేను డాట్రుని కాదు, పిల్లని తీసుకెళ్లి చూపించమను" అంది మంగక్క. "దానికన్నా ముందు నువ్వు దానితో మాట్లాడు."

మర్నాడే, శుక్రవారం కాకపోయినా, మేడమ్‌ని అడిగి ఫోన్ చేశాను. "తప్పు నాదేనే దుర్గా, నీది కాదు" అన్నాను. అది, "అయితే సున్నా వచ్చినా మాట్లాడతావా?" అని అడిగింది. ఏడేళ్ల పిల్ల అన్ని వారాలూ ఆ ప్రశ్నని కడుపులో పెట్టుకుని తిరిగింది. నేను గబగబా తలూపాను. మంగక్కే పక్కనుంచి గట్టిగా, "మాట్లాడుద్దమ్మా, రెండు సున్నాలొచ్చినా మాట్లాడుద్ది" అని అరిచింది.

వదిన దుర్గని కాకినాడ తీసుకెళ్లింది. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేశారు. రెండూ బాగానే ఉన్నాయన్నారు. ఇంకో డాక్టరమ్మ దానితో చదివించి, రాయించి, చదవడంలోనే ఇబ్బంది ఉందని, తెలివికి లోటేమీ లేదని, ఓపిగ్గా వేరే పద్ధతిలో నేర్పాలని చెప్పింది. బడిలో టీచరుగారు కొన్ని ప్రశ్నలు నోటితో అడగడానికి ఒప్పుకున్నారు. వదిన పళ్లెంలో బియ్యప్పిండి పోసింది. నేను పాఠాలు చదివి రికార్డు చేసి పంపేదాన్ని. చదువుతూ దుర్గ ఎక్కడైనా ఆగిపోతే నాకు ఆత్రం, ఆ మాట నేనే అందించేసేదాన్ని. మంగక్క నా మోచెయ్యి గిల్లేది. "అది ఆగినప్పుడు నువ్వూ ఆగవే. నీకేం రైలు దాటిపోద్దా?" అనేది.

తర్వాత ఆవిడ చూపు మందగించింది. బట్టలు రెండుసార్లు మాడ్చింది. మేడమ్ మంచిగానే మాట్లాడి ఇంటికి పంపేసింది. వెళ్లాక రెండుసార్లు ఫోన్ చేసింది. శీను సంగతి అడిగితే మాట మార్చింది. తర్వాత ఆ నంబరు పలకడం మానేసింది. కొడుకు ఆవిడ గొంతు విన్నాడో లేదో నాకు తెలియదు. నా కూతురు మాత్రం నా ఫోన్ ఎత్తుతుంది. తనకి దక్కనిది నాకిచ్చి వెళ్లింది ఆ మనిషి. ఒకప్పుడు ఆవిడ మాటలకి రుసరుసలాడినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దుర్గకి పన్నెండేళ్లు వచ్చాయి. అక్షరాలతో దాని గొడవ తీరలేదు, బహుశా పూర్తిగా తీరదు కూడా. మొన్న శుక్రవారం కొత్త పాఠం చదువుతూ ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట నా నాలుక చివరే ఉంది. నేను ఊరుకున్నాను. ఈ గదిలోనూ చప్పుడు లేదు, అక్కడా లేదు.

"అమ్మా, లైన్లో ఉన్నావా?"

"ఉన్నాను."

"నాకింకా టైం పడుద్ది."

"పట్టనీ" అన్నాను.